ఈయన మన కృష్ణుడు కాదు

మొన్న కృష్ణాష్టమికి వారం ముందు మా అత్తగారూ నేనూ బేగంబజారు వెళ్ళాం. మా ఇంట్లో ఇత్తడి కృష్ణుడి పిల్లనగ్రోవి విరిగిపోయింది. పాపం, బస్సులో పట్టుకోవటానికి కడ్డీ దొరకనివాడిలా చేతులు రెండూ గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు. భిన్నమైన విగ్రహం పూజలో ఉండకూడదన్నారావిడ. సరే, మొజంజాహీ మార్కెట్టు దగ్గర ఆటో దిగి, తోపుడుబళ్ళనీ, నెత్తిన మూటలతో దూసుకొచ్చే హమాలీలనీ తప్పించుకుంటూ, ఇత్తడి సామాను తూకానికి అమ్మే ఒక కొట్లో చేరాం.

కొట్టతను ఆరుగురు కృష్ణుళ్ళని వరసగా బల్లమీద నిలబెట్టాడు. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కరినే చూసి, "ఈయన మన కృష్ణుడు కాదమ్మాయ్" అన్నారు. రెండో ఆయనా కాదు. మూడో ఆయన మూతి బాగాలేదు. "ఆ కళ్ళలో కొంటెతనం ఏదీ?" అన్నప్పుడు నాకు అసలు సంగతి బోధపడింది. ఆవిడ వెతుకుతున్నది దేవకీనందనుణ్ణి కాదు, ఎన్.టి. రామారావుని!

"మాతాజీ, భగవాన్ అందరూ ఒకటే, తూకమే వేరు" అన్నాడు కొట్టతను.

ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. వేషగాడు మారితే పాత్ర మారుతుందా? ఇంటర్ చదివే మావాడు "జేమ్స్ బాండ్‌ని ఆరుగురు వేశారు నానమ్మా, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. "వాడికెవరూ హారతివ్వరు కదురా" అని తేల్చేశారావిడ.

బాండ్ విషయం కూడా వాడనుకున్నంత సాఫీగా సాగలేదు. షాన్ కానరీ చాలనుకుంటే 1969లో లాజెన్‌బీ అనే కొత్తాయన్ని తెచ్చారు. ఆయన ఒక్క సినిమాతో సరి. 1971లో మళ్ళీ కానరీనే బతిమాలి తెచ్చుకున్నారు. వయసు, పారితోషికం, విసుగు, ఏదో ఒక కారణంతో మనిషి మారతాడు. పాత్ర మీద సొమ్ము చేసుకునేవాళ్ళు మాత్రం దాన్ని ఆపలేరు. ఇంగ్లండులో ‘డాక్టర్ హూ’ అనే టీవీ కథలో 1966లో ముఖ్యనటుడికి ఆరోగ్యం బాగాలేకపోతే, ఆ పాత్రకి ఒళ్ళు మార్చుకునే శక్తి ఉందని కథలోనే రాసేశారట. అవతారమన్నమాట! మన దగ్గర అప్పు తీసుకుని చెప్పలేదేమో.

నన్నడిగితే, సినిమా పుట్టక ముందునుంచీ మనకున్న సీరీస్ రామకృష్ణుల కథలే. ఒకటో భాగం, రెండో భాగం అని అంకెలు వెయ్యలేదంతే. నటుణ్ణి మార్చటంలో మన నాటకాలవాళ్ళు హాలీవుడ్డుకి పాఠం చెప్పగలరు. తిరుపతి వెంకటకవుల ఉద్యోగ విజయాల పద్యాలతో ఆడే కృష్ణరాయబారం ఎప్పుడైనా చూశారా? కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒక్క రాత్రిలో ఒక్క కృష్ణుణ్ణి ఇద్దరు ముగ్గురు వేసేవారు. కరపత్రంలోనే ‘శ్రీకృష్ణుడు 1, శ్రీకృష్ణుడు 2’ అని అచ్చు. పడకసీనులో ఒకాయన, రాయబారంలో ఇంకొకాయన. గొంతు అలిసిపోతుంది కదా! పైగా పీసపాటి నరసింహమూర్తిగారు, షణ్ముఖి ఆంజనేయరాజుగారు వంటి పేర్లుంటే జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. కృష్ణుడు తెరచాటుకి వెళ్ళి వేరే మనిషై తిరిగొస్తే ఎవరూ కంగారుపడలేదు. పద్యం మారలేదు కదా. కృష్ణుడు ఆ పద్యంలో ఉన్నాడు.

నేను బి.ఏ. చదివే రోజుల్లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, లలితకళాతోరణంలో సురభివారి ‘మాయాబజార్’ చూశాను. ఆ కుటుంబాల్లో వేషం కూడా నగలాగా ఒక తరం నుంచి ఇంకో తరానికి వస్తుంది. వేసినాయన పేరు ఆ రోజు నేనడగలేదు, ఇప్పటికీ తెలియదు. కృష్ణుడనే గుర్తుంది.

సినిమా వచ్చి ఈ ఏర్పాటు చెడగొట్టింది. చివరి వరసలో కూచున్నవాడికి కూడా ముఖం ఇంతలేసి చేసి చూపించింది. 1955లో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఈలపాట రఘురామయ్యగారు కృష్ణుడు. స్టేజీమీద ఆయన కృష్ణుడంటే పడిచచ్చేవారు. 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. ఆ తర్వాత 1966లో మళ్ళీ ‘తులాభారం’ తీస్తే అందులో రామారావే ఉండాలి, ఉన్నారు. గొంతు పోయి ముఖం వచ్చింది.

కానీ చిత్రం చూడండి. 1963 జనవరిలో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో రామారావు కృష్ణుడు, అక్కినేని అర్జునుడు. మార్చిలో ‘లవకుశ’లో రామారావు రాముడు, కాంతారావు లక్ష్మణుడు. అదే ఏడు ‘నర్తనశాల’ వచ్చేసరికి రామారావు అర్జునుడూ బృహన్నలా అయిపోయి, నెమలిపింఛం కాంతారావు తలకెక్కింది. 1965లో ‘పాండవ వనవాసం’లోనూ అంతే, రామారావు భీముడైతే కాంతారావు కృష్ణుడు. జనం అల్లరి చెయ్యలేదు, డబ్బు వెనక్కిమ్మనలేదు. ఎందుకని? నాకు తోచేదేమిటంటే, అసలాయన పక్కనే ఉన్నాడు. ఇంటిపెద్ద కళ్ళెదుటే ఉండగా తమ్ముడు పీటలమీద కూచున్నట్టు. ఆ వేషం ఆయన చేతులమీదుగా ఇచ్చినట్టే లెక్క.

ఆయన అవతలి జట్టులో ఉంటే మాత్రం అలా కుదరలేదు. 1977 సంక్రాంతికి, జనవరి 14న, ‘దానవీరశూరకర్ణ’, ‘కురుక్షేత్రం’ ఒకేరోజు వచ్చాయి. మొదటిదానిలో రామారావే కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు. దర్శకుడూ ఆయనే. రెండోదానిలో శోభన్‌బాబు కృష్ణుడు. ఏది నెగ్గిందో మీకు చెప్పక్కర్లేదు. శోభన్‌బాబుకి ఆ వేషం నప్పలేదనటం మాత్రం అన్యాయం. 1969లో బాపుగారి ‘బుద్ధిమంతుడు’లో ఆయన కృష్ణుడెంత ముద్దుగా ఉన్నాడు! అక్కడాయన భక్తుడి సొంత కృష్ణుడు. ఎవరి మనసులోని దేవుడు వాళ్ళిష్టం. ‘కురుక్షేత్రం’లో ఆయన అందరి కృష్ణుడు కావలసి వచ్చింది, ఆ ఉద్యోగం అప్పటికే ఖాళీ లేదు. ఈమధ్య ‘హిట్’ సినిమాలవాళ్ళు తెలివైన పని చేశారు. 2020లో విశ్వక్ సేన్, 2022లో అడివి శేష్, 2025లో నాని, ఒక్కో కేసుకి ఒక్కో ఆఫీసరు. పేరే హీరో అయితే పోలిక పెట్టేదెవరు?

ఇంతసేపూ మగవాళ్ళ గురించే మాట్లాడాను, గమనించారా? సీతమ్మ సంగతేమిటి? లవకుశ సీతంటే అంజలీదేవే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత బాపుగారి సినిమాల్లోనే 1972లో చంద్రకళ, 1976లో జయప్రద, 2011లో నయనతార. రాముడు మారినప్పుడల్లా "రామారావు కాకుండా రాముడా?" అన్నారు. సీత మారితే ఆ ప్రశ్న వెయ్యలేదు. 2011లో మాత్రం వేశారు, అదీ ఆ నటి సొంత జీవితం గురించి. ఆ సీతకే నంది బహుమతి వచ్చింది, అది వేరే సంగతి. సత్యభామగా జమునగారొక్కరే రామారావుకి దీటుగా తన కుర్చీ తను కాపాడుకున్నారు. 1957లో ‘వినాయకచవితి’లోనూ, 1966లో ‘తులాభారం’లోనూ ఆవిడే సత్య. నిజంగానే అలకపాన్పు దిగలేదు!

ఇక నా సొంత గోడు. నా నవల ఒకటి టీవీ సీరియల్‌గా వచ్చింది. ఏ చానలో అడక్కండి. అందులో శారద అనే అమ్మాయి పురుడు పోసుకున్నాక, మళ్ళీ ఉద్యోగం కోసం కోర్టుకెక్కుతుంది. శారదగా వేసిన అమ్మాయికి ఐదో నెల వచ్చేసరికి, ఒక సాయంత్రం తెర కింద ఒక చీటీ పరిగెత్తింది, నేటినుంచి శారద పాత్రలో ఫలానావారు అని. అంతే. అదే సీరియల్లో హీరో ఏదో సినిమా ఒప్పుకుని నెల్లాళ్ళు రాకపోతే, పాత్రని ఆఫీసు పనిమీద ఢిల్లీ పంపి, ఆయన వచ్చేదాకా ఆగారు.

నేను ఫోను చేసి అడగలేదు. నా శారద బతికే ఉంది కదా అనుకున్నాను. నేను రాసిన కథ ఏమిటో నాకే అప్పుడు గుర్తు రాలేదు. మా అత్తగారు పదిరోజులు "ఎవరే ఇది, మన ఇంట్లో తిరుగుతోంది?" అని గొణిగి, నెల తిరిగేసరికి కొత్తపిల్ల కష్టాలకి కళ్ళొత్తుకోవటం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఏడు జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో, చీరల కొట్టుముందు, భుజాన పసిదానితో ఒకమ్మాయి. నేను చూడలేదు. మా అత్తగారే చెయ్యి పట్టుకు లాగారు. "మన శారద!" అని నేరుగా వెళ్ళి ఆ పిల్ల గడ్డం పట్టుకున్నారు. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టి నవ్వింది. "మేడమ్, మానేశాక నేను చూడలేదు. శారద కేసు గెలిచిందా?" అంది.

"గెలిచిందమ్మా" అన్నాను. పసిదాని చేతిలో ఏదైనా పెడదామని పర్సు తెరిచాను. నోట్లన్నీ నలిగినవే కనిపించాయి.

అన్నట్టు, 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడి’కి మా అత్తగారిని తీసుకెళ్ళాం. వైజయంతీవారి సినిమా. వాళ్ళ గుర్తులో కృష్ణుడి వేషంలో రామారావు ఉంటారు కదా, ఆవిడ సీట్లోనే చేతులు జోడించారు. తీరా కథలో కృష్ణుడు వచ్చేసరికి ముఖమంతా నీడ! ఎవరి ముఖమూ పెట్టకుండా తప్పించుకున్నాడు ఆ దర్శకుడు. కొందరికది పిరికితనంగా కనిపించవచ్చు. నాకు మాత్రం, ఆరుగురు ఇత్తడి కృష్ణుళ్ళనీ కాదన్న మా అత్తగారి మనసు ఎరిగినవాడి పనిలా తోచింది.

బేగంబజారులో చివరికేమైందంటారా? గంట తర్వాత ఆవిడ వేలు కొట్లో ఓ మూలకి చూపించింది. వెన్నముద్ద పట్టుకుని పారాడే బాలకృష్ణుడు. అరకేజీకి కాస్త ఎక్కువ తూగాడు.

"వీడికింకా పోలికలు రాలేదు" అన్నారావిడ, పాత పేపర్లో చుట్టించుకుంటూ.