మనిషి మెరుగైనాడు, ఊరు మూతబడింది: ‘సిమ్స్’ మూడో ఆట, నాలుగో ఆట

ఆటే కదా, దాన్ని విమర్శించేదేముంది అని కొందరు మిత్రులు అడిగినారు. బతుకంటే ఇట్లా ఉంటుంది అని చెప్పేది ఏదైనా సరే, మన లెక్కలోకి వస్తుంది. ‘సిమ్స్’ అనే కంప్యూటర్ ఆట చెప్పేది అదే. అందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఒక బొమ్మ మనిషిని తయారు చేసి, ఇల్లు కట్టించి, ఉద్యోగంలో పెట్టి, ముసలితనం దాకా బతికించాలి. మొదటిది 2000లో వచ్చింది. మూడోది 2009లో, నాలుగోది 2014లో వచ్చినాయి. మూడోదానికన్నా నాలుగోది మెరుగా కాదా అనే తగువు పదేళ్లు దాటినా తెగలేదు. ఆ తగువులో మన వాడల తరఫున ఒక మాట చెప్పాలనుకున్నాం.

ఏర్పేడు మండలంలో ఇప్పుడు ఐఐటి, ఐసర్ రెండూ ఉన్నాయి. రెండూ 2015లో మొదలైన సంస్థలే. ఈ చుట్టుపక్కల చదువుకునే పిల్లల పక్కన కూచుని మేమూ రెండాటలూ ఆడినాం.

1991 అక్టోబరులో అమెరికాలోని ఓక్లండ్ కొండల్లో మంటలు లేచి వేల ఇళ్లు కాలిపోయినాయి. అందులో ఇల్లు పోగొట్టుకున్న విల్ రైట్‌కు, మళ్లీ ఇంటి సామాను కూడబెట్టుకునేటప్పుడు ఈ ఆట ఆలోచన బలపడింది. అదే ఏడాది ఆగస్టు 6న చుండూరులో దళితులను వెంటాడి నరికినారు. ఆ గొడవకు మొదలు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటాయనకు తగలడం. 1985 జులైలో కారంచేడు మారణకాండకు మొదలు తాగునీళ్ల చెరువు దగ్గర. విల్ రైట్ కథ ఇంట్లో మొదలైంది. మన కథలు ఇంటి బయట మొదలైనాయి. కాబట్టి బతుకు ఆటను మేం కొలిచే కొలత వేరు. గడప దాటిన మనిషి ఎంతదూరం నడవగలడు, ఎవరి గడప తొక్కగలడు, అక్కడ ఏం జరుగుతుంది? అదీ ప్రశ్న.

ఈ కొలతతో చూస్తే మూడో ఆట గొప్ప పనే చేసింది. ఊరంతా ఒకటిగా తెరిచి పెట్టింది. మన మనిషి ఇంట్లోంచి బయటపడి, వీధి వెంట నడిచి, పార్కు దాటి, ఊరి పెద్ద ఇంటి తలుపు కొట్టొచ్చు. మధ్యలో ఎక్కడా ఆట ఆగదు. ఆ నడకను చూస్తుంటే మాకు ఒళ్లు పులకరించిందంటే నవ్వొద్దు. ఊరి మధ్య చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతల మనవలం మనం.

దాని లోపమూ చెప్పాలి. ఆ ఊళ్లో ఆఫీసు, ఆస్పత్రి, బడి, సినిమా హాలు ఉంటాయి గానీ లోపల ఏముందో చూపరు. మనిషి గుమ్మంలోకి పోతాడు, గంటల తర్వాత బయటికొస్తాడు. చుండూరు గొడవ మొదలైంది హాలు లోపల. సరిగ్గా అక్కడే ఈ ఆట గోడ కట్టేసింది.

నాలుగో ఆటలో మనిషి బాగా మెరుగైనాడు, కాదనలేం. 2020 డిసెంబరులో వందకు పైగా చర్మపు రంగులు కొత్తగా చేర్చినారు. నల్లటి మేని రంగు బూడిద పూసినట్టు కనబడుతోందని నల్లజాతి ఆటగాళ్లు ఏళ్లతరబడి పోట్లాడితే వచ్చిన మార్పు అది. 2022లో అసలు ఆటను ఉచితం చేసినారు. మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. అయితే మూడో ఆటలో మూసిన తలుపులు కొన్ని ఇక్కడ తెరుచుకున్నా, వాటికి టికెట్టుంది. బడి లోపలికి పోవాలంటే 2022లో వచ్చిన అదనపు భాగం కొనాలి. అట్లాంటి భాగం ఒక్కొక్కటి 40 డాలర్లు.

పోయిందేమిటంటే ఊరు. పక్కింటికి పోవాలన్నా తెర పడుతుంది. కాసేపు కాచుకుంటే అవతలి ఇల్లు ప్రత్యక్షమవుతుంది. దారి లేదు, దారిలో ఎదురయ్యే మనిషీ లేడు. ఆట వచ్చిన కొత్తలో ఈత కొలను లేదని జనం గోల చేస్తే రెండు నెలల్లో పెట్టినారు. తెరిచిన ఊరు కావాలన్న గోల మాత్రం ఇన్నేళ్లయినా చెవికెక్కలేదు.

నాలుగో ఆట గొప్పగా చెప్పుకునేది మనుషుల మనోభావాలను. అందులో అవమానం కూడా ఒకటి. అది ముదిరితే మనిషి చచ్చిపోతాడు కూడా. ఇది చూసి మేం ఉలిక్కిపడినాం. కానీ ఆ అవమానం ఎట్లా వస్తుందని చూస్తే, బట్టల్లో ఒంటేలు పోసుకుంటే వస్తుంది, మనసుపడిన మనిషి కాదంటే వస్తుంది. పోవాలంటే అద్దం ముందు నిలబడి తనకు తానే ధైర్యం చెప్పుకోవాలి, లేదా దుప్పట్లో దూరి దాక్కోవాలి. అవమానపడేదీ ఒక్కడే, మాన్పుకునేదీ ఒక్కడే. అవమానించే ఊరు మాయమైంది. ఊరిని మూసేసిన ఆటలో అవమానానికి ఇంతకన్నా పెద్ద కారణం ఎట్లా దొరుకుతుంది?

2023 డిసెంబరులో అద్దె ఇళ్ల మీద ఒక భాగం వచ్చింది. ఓనరుగానూ ఆడొచ్చు, అద్దెకున్నవాడిగానూ ఆడొచ్చు. అద్దెకున్నవాళ్లు తిరగబడొచ్చు కూడా. మంచిదే. మేం గదుల కోసం తిరిగినప్పుడు అద్దె ఎంతో చెప్పకముందే, “మీరెవురోళ్లు నాయనా?” అని అడిగినారు. చెబితే, “మా చుట్టాలొస్తా ఉండారు, ఇయ్యలేం” అన్నారు. ఆ ఒక్క ప్రశ్న ఆటలో లేదు. ప్రతి ఒంటరి మనిషీ 20,000 రూకలతోనే బతుకు మొదలుపెడతాడు. ఫోను చేస్తే పనిమనిషి వస్తుంది. ఆమె ఏ వాడ నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

అయితే ఆటలో కులం పెట్టమంటున్నారా అని అడుగుతారు. కులాన్ని బొత్తం నొక్కితే వచ్చే సరదా చేస్తే దానితో ఆడుకునేవాళ్లే ఎక్కువ. మేం అడిగేది దారి. మనుషులు ఒకరికొకరు తగిలే వీధి, చెరువుగట్టు, హాలు అన్నీ కళ్లముందు ఉండాలి. అప్పుడు కులం లేని ఊరిని ఊహించడానికైనా చోటుంటుంది. మూడో ఆట తెలిసో తెలియకో ఆ ఊహను సగం ఇచ్చింది. నాలుగోది మనిషికి మంచి రంగు, మంచి మనసు ఇచ్చి ఇంట్లో కూచోబెట్టింది. అందుకే మా తీర్పు: మనిషి చిత్రణలో నాలుగోది ముందుకు పోయింది, బతుకు చిత్రణలో వెనక్కి పోయింది.

ఇదే ఏర్పేడులో మలయాళస్వామి వ్యాసాశ్రమం పెట్టి, కులం, ఆడా మగా భేదం లేకుండా సంస్కృతం, వేదాంతం చెప్పించినాడు. మనిషికి చదువు తలుపు తెరిచిన పని అది. మనిషి మారితే ఊరు దానంతట మారుతుందా అన్న ప్రశ్న అప్పుడూ మిగిలింది, ఇప్పుడూ మిగిలింది. ఇక్కడ కంప్యూటర్ చదువుతున్న మన పిల్లలు రేపు ఇట్లాంటి ఆట తయారు చేస్తే, ముందు ఇల్లు గీయొద్దని మా మనవి. అరుంధతివాడ నుంచి ఊళ్లోకి పోయే దారి గీయండి. మనిషిని ఆ దారిన నడిపించండి. అక్కడినుంచి మొదలుపెడదాం.