మత్స్యకన్య మోకాళ్ళు

చేప తోక నిలువుగా ఉంటుంది. మత్స్యకన్య తోక అడ్డంగా ఉంటుంది. మన ‘సాహసవీరుడు సాగరకన్య’ (1996) దగ్గర్నుంచి డిస్నీ సినిమాల దాకా ఇన్నేళ్ళు చూస్తూ కూడా ఈ తేడా మన కంటికి అడ్డం రాలేదు. అందులో సగం తప్పు చేపల మార్కెట్‌దే అనుకుంటాను. అక్కడ బొచ్చె అయినా, రాగండి అయినా బల్ల మీద పక్కకి పడుకునే కనిపిస్తుంది, తోక కూడా పరుచుకునే ఉంటుంది. అదే చేపని నీళ్ళలో పైనుంచి చూడండి. తోక సన్నటి గీతలా కుడికీ ఎడమకీ ఊగుతుంది.

మిగతా సగం కారణం మన వెన్నెముక. చేప ఒళ్ళు పక్కలకి వంగుతుంది. ఒంట్లో మొదలైన చిన్న అల తోక దాకా వెళ్ళేసరికి పెద్దదవుతుంది. మనిషి నడుము ముఖ్యంగా ముందుకీ వెనక్కీ వంగుతుంది. దానికి తోడు తుంటి, మోకాలు, చీలమండ అని మూడు మడతబందులు. రెండు కాళ్ళూ ఒకే తొడుగులో పెట్టి ఈదమంటే పైకీ కిందికీ కొట్టడం తప్ప దారి లేదు. అది చేప ఈత కాదు, డాల్ఫిన్ ఈత. డాల్ఫిన్ పూర్వీకులు నేల మీద నడిచిన క్షీరదాలు, అందుకే దాని వెన్ను కూడా పైకీ కిందికీ వంగుతుంది. అంటే సినిమా మత్స్యకన్య చేప పొలుసులు కప్పుకున్న డాల్ఫిన్ అన్నమాట. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పాత కోడ్ ముట్టుకోకుండా పైన కొత్త రేపర్ వేశారు. లోపల నడిచేది పాత కోడే.

మరి అలాంటప్పుడు మంచి తోక, చెడ్డ తోక అని ఎలా తేలుస్తాం? చేప ఆకారం ఎంత దించారన్నది కాదు, చేప ప్రవర్తన ఎంత పట్టుకున్నారన్నది చూడాలంటాను. పొలుసులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ముందు వైపు చర్మంలో నాటుకుని, వెనక అంచు విడిగా ఉంటుంది. ఒళ్ళు వంగినప్పుడు ఒకటి ఇంకోదాని మీద జారుతుంది. గుడ్డ మీద అచ్చేసిన పొలుసులకి ఆ జారడం ఉండదు, మోకాలు వంచగానే ముడతలు పడిపోతాయి. తోక రెక్క కూడా అట్టముక్క కాదు. పుల్లల్లాంటి సన్నటి ఎముకలు, వాటి మధ్య పల్చటి పొర. నీరు తోస్తే అది కాస్త లొంగుతుంది.

‘స్ప్లాష్’ (1984) ఇప్పటికీ నిలబడింది ఈ లొంగడం వల్లే. రాబర్ట్ షార్ట్ తయారుచేసిన నారింజ రంగు తోకని తొడుక్కుని డారిల్ హానా నిజంగానే ఈదింది. లోపల కాళ్ళున్నాయన్న సంగతిని ఆ తోక దాచేసుకోదు. మోకాలు వంగిన చోట తనూ వంగుతుంది, చివర రెక్క ఆ కదలికని ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంటుంది. ఆ క్షణంలోనే మనం నమ్మేస్తాం.

కానీ కాళ్ళే కారణమైతే, లోపల కాళ్ళే లేని చోట తోక నిలువుగా తిరగాలి కదా? 1989 నాటి ‘ది లిటిల్ మెర్మెయిడ్’ బొమ్మల సినిమా. ఏరియల్ తోకలో ఏ నటీ లేదు, అయినా అడ్డంగానే గీశారు. దీనికి ఎదురు ఉదాహరణ ‘హ్యారీ పాటర్ అండ్ ది గాబ్లెట్ ఆఫ్ ఫైర్’ (2005). అందులో జలమానవుల తోకలు నిలువుగా ఉండి సొరచేపలా పక్కలకి కొట్టుకుంటాయి. శరీర నిర్మాణం ప్రకారం అదే సరైనది, చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. తోక తొంభై డిగ్రీలు తిరిగేసరికి మనకి చుట్టమైనది కాస్తా వేటాడే జంతువైపోయింది. కాబట్టి అడ్డం తోకని పొరపాటు అనలేం. ‘ఈమె మనలో మనిషే’ అని కథ చెప్పుకునే పద్ధతి అది.

మనలో మనిషే అని ఒప్పుకున్నాక ఇంకో ప్రశ్న తప్పదు. ఆ మనిషికి లోపల ఎలా ఉంది? 1837లో ఆండర్సన్ రాసిన కథలో మత్స్యకన్య గొంతు ఇచ్చేసి కాళ్ళు తెచ్చుకుంటుంది, వేసే ప్రతి అడుగూ కత్తుల మీద వేసినట్టే ఉంటుంది. తోక తొడుక్కున్న నటి ఆ బేరాన్ని తిరగేసి ఆడుతుంది. కాళ్ళు ఇచ్చేసి తోక తెచ్చుకుంటుంది. ఒడ్డున నడవలేదు, ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి. సిలికాన్ తోకలు పదిహేను, ఇరవై కిలోలు తూగడం మామూలే. ఆ బరువు నీళ్ళలో చాలావరకు తేలిపోతుంది, గట్టు మీద మాత్రం అంతా ఆమెదే. ఫ్లోరిడాలోని వీకీ వాచీ నీటి ఊటలో 1947 నుంచి మత్స్యకన్యల ప్రదర్శనలు జరుగుతున్నాయి. అద్దం ఇవతల మనం కుర్చీల్లో కూర్చుంటాం. అద్దం అవతల ఆమె రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చి, దాన్ని పక్కకి తీసి మనకోసం నవ్వుతుంది. చేపకి మొప్పలున్నాయి. ఆమెకి ఆ గొట్టమే దిక్కు.

2023 నాటి కొత్త ‘లిటిల్ మెర్మెయిడ్’ ఈ ఇబ్బందిని దాటేసింది. హ్యాలీ బెయిలీని నీళ్ళు లేని సెట్లో తీగలకి కట్టి తేలించి, తోకని కంప్యూటర్లో అతికించారు. నటికి ఊపిరి కష్టం తప్పింది, అది మంచిదే. రెక్కల అంచులు, పొలుసుల మెరుపు చూస్తే చేప గురించి బాగానే చదువుకుని గీసినట్టుంది. అయినా నాకు ఆ తోక బరువు తెలియలేదు. నీళ్ళని నెడుతున్నట్టు కాక, నీళ్ళలో వేలాడుతున్నట్టు అనిపించింది. ‘స్ప్లాష్’ తోకలో చేప తక్కువ, నీరు ఎక్కువ. ఇక్కడ చేప ఎక్కువై నీరు తగ్గింది.

అందుకే ఈసారి తెర మీద మత్స్యకన్య కనబడితే పొలుసులు లెక్కపెట్టకండి. మోకాళ్ళు ఉండాల్సిన చోట చూడండి. అక్కడ ఎవరో ఒకరు కష్టపడుతున్న గుర్తు కనిపిస్తే ఆ తోక బతికున్నట్టే.