నొక్కేముందే అంతా

ఎమ్మిగనూరు మగ్గం మీద పేక నూలు అయిపోతే నేతగాడు ఆగుతాడు, నాడెలో కొత్త కండె పెట్టుకుని మళ్ళీ అందుకుంటాడు. సీడీ రాసే లేజరుకు ఒకప్పుడు ఆ వెసులుబాటు లేదు. కంప్యూటర్ నుంచి డేటా రావడం కాస్త ఆలస్యమైతే చాలు, డేటాను ముందుగా నిలవ ఉంచుకునే బఫర్ ఖాళీ, డిస్కు చెత్తబుట్టకు. 2000లో శాన్యో ‘బర్న్ ప్రూఫ్’ తెచ్చాక లేజరు కూడా ఆగినచోటి నుంచే అందుకోవడం నేర్చింది.

కరెంటు పోతే మాత్రం ఏ ప్రూఫూ కాపాడదు. ఆదోనిలో పెళ్ళి వీడియోలు డీవీడీలకు ఎక్కించే రోజుల్లో కంప్యూటర్ కంటే ముందు యూపీఎస్ సంగతి చూసుకునేవాళ్ళం. తర్వాత దుమ్ము. పత్తి మార్కెట్ ఉన్న ఊరు, జిన్నింగ్ మిల్లుల నూగు ఎక్కడైనా వాలుతుంది. డ్రైవ్ ట్రే ఊరికే తెరిచిపెడితే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

అసలు జాగ్రత్తంతా ‘బర్న్’ నొక్కేముందే. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే ముందు హార్డ్‌డిస్కుకు తెచ్చుకోవాలి. డీవీడీ డబ్బా మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది 4.37 జీబీయే. దాన్నీ నిండా కుక్కకూడదు. రాత లోపలి నుంచి అంచుకు సాగుతుంది, తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ అంచులోనే. 16ఎక్స్ డిస్కుని 8ఎక్స్‌లో రాసేవాణ్ణి. అలాగని మరీ నెమ్మది కూడా పనికిరాదు, దాని పూత ఎక్కువ వేగానికి తగ్గట్టు తయారైనది. ఫైనలైజ్ చేయకపోతే ఇంట్లో ప్లేయర్ చాలాసార్లు దాన్ని గుర్తే పట్టదు.

రాయడం అయ్యాక, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసే వెరిఫై. అక్కడే అందరికీ తొందర. ‘అన్నా, బస్సుకు టైమైతాంది, ఇచ్చెయ్’ అనేవాళ్ళు. ఇవ్వకూడదు. కెమెరా టేపు మర్నాడు ఇంకో పెళ్ళికి వాడేసేవాళ్ళం, తాళి మళ్ళీ కట్టించలేం.

పేరు రాయడానికి బాల్‌పెన్ వద్దు, మెత్తటి మార్కర్ వాడాలి. సీడీలో డేటా పొర పైవైపు పల్చటి పూత కిందే ఉంటుంది. అందుకే సీడీకి మెరిసే వైపు గీత కంటే పేరు రాసే వైపు గీతే ప్రమాదం.

ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లకు డిస్కు డ్రైవే లేదు. ఇళ్ళలో డిస్కులు అటకెక్కాయి. వాటి రంగుపూతకు ఎండా వేడీ పడవు, మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. డ్రైవ్ ఉన్నవాళ్ళ దగ్గర అడిగి ఇప్పుడే కాపీ చేసుకోండి. కాపీ అయ్యాక మొదటి రెండు నిమిషాలు చూసి సరే అనుకోవద్దు, చివరిదాకా ఆడించండి. అప్పగింతలు ఉండేది అంచులోనే.