పచ్చర్ల మలుపుల్లో రెండు బండ్లు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే హైవే మీద శిరివెళ్ల దాటేటప్పుడు ఏ కారు గొప్పదో తెలియదు. నాలుగు లేన్ల రోడ్డు మీద అన్నీ బాగానే పోతాయి. తెలుసుకోవాలంటే గాజులపల్లె మీదుగా గిద్దలూరు దారి పట్టాలి. మా శిరివెళ్ల మండలంలోని పచ్చర్ల చుట్టుపక్కల, నల్లమల అడవిలో తిరిగే ఆ మలుపులు బండి గుణాన్ని, తోలేవాడి గుణాన్ని కూడా బయటపెడతాయి.

నా దగ్గర ఫియట్ పాలియో 1.6 ఉంది. ఆ మోడల్ మన దేశంలో 2001లో వచ్చింది. మా అన్న కొడుకు దగ్గర హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, చేత్తో గేర్లు మార్చేది. రెండూ హాట్ హ్యాచ్‌బ్యాక్‌లే. కుటుంబం తిరిగే చిన్న కారుకే బలమైన ఇంజిన్, గట్టి సస్పెన్షన్ పెడితే ఆ పేరు వస్తుంది. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఫోక్స్‌వ్యాగన్ చూపించిన గోల్ఫ్ జీటీఐతో ఈ రకానికి గుర్తింపు దక్కింది. దాని బలం 110 హార్స్‌పవర్. పాలియోది 100, మావాడి బండిది 120. అంకెల్లో పెద్ద దూరం లేదు. తోలితే మాత్రం రెండూ వేరే లోకాలు.

పాలియో బలమంతా ఇంజిన్ బాగా తిరిగాకే వస్తుంది. మలుపు కనబడగానే బ్రేకు తొక్కి, రెండో గేరుకు దించి, సూది నాలుగు వేలు దాటేలా పట్టుకుంటేనే ఎక్కుడు మీద లాగుతుంది. గేరు తప్పితే బండి నీరసపడి, ఆ తప్పు మనకు అక్కడికక్కడే చెబుతుంది. దాని స్టీరింగ్‌కు సాయం చేసేది ఆయిల్ ఒత్తిడి. అందుకే ముందు టైరు ఇసుక మీద పడినా, తడి తారు మీద పట్టు సడలినా అరచేతులకు తెలిసిపోతుంది. తోలడం నాకు నేర్పింది ఆ స్టీరింగే అంటాను.

కొత్తదాంట్లో 1.0 లీటర్ టర్బో ఇంజిన్. పొగగొట్టంలోకి పోయే వేడి వాయువులే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెడతాయి. దాంతో 1500 ఆర్‌పీఎం దగ్గర్నుంచే పూర్తి లాగుడు దొరుకుతుంది. ఘాట్ అంతా మూడో గేరులోనే గడిచిపోతుంది. పట్టు జారితే స్టెబిలిటీ కంట్రోల్ ఏ చక్రానికి బ్రేకు వేయాలో తనే చూసుకుంటుంది. స్టీరింగ్‌కు మోటారు సాయం, వేలితో తిప్పొచ్చు. కానీ టైరు కబురు చేతుల దాకా సగమే వస్తుంది.

1.6 లీటర్ల ఇంజిన్లు మన చిన్న కార్లలోంచి పోవడానికి పన్ను కూడా ఒక కారణం. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ పన్ను తగ్గించారు. ఆ గీత దాటితే ధర పెరుగుతుంది. దాంతో కంపెనీలు చిన్న ఇంజిన్ల వైపు, తర్వాత వాటికి టర్బోల వైపు మళ్లాయి. 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్‌లోనూ 1.2 లీటర్ టర్బోయే.

"చిన్నాయనా, దీంట్లో నూటిరవై పోతాన్నా తెలియడమే లేదు" అని మావాడు సంబరంగా అంటాడు. నాకు భయం అక్కడే. పాలియోలో ఎనభైకే గాలి హోరు, ఇంజిన్ మోత జాగ్రత్త చెబుతాయి. మన రోడ్ల మీద కోతల కాలంలో వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టర్ ఎదురవుతుంది. అడవిలో చిరుతలు తిరుగుతాయి. వేగం తెలియకపోవడాన్ని ఇక్కడ సుఖమనుకోలేను.

అయినా ఇంటిల్లిపాదితో బయల్దేరే రోజున నేను కొత్త బండే అడుగుతాను. పాలియోను గట్టిగా ఆపినప్పుడు దాని టైర్లు బిగుసుకుని జారడం నాకు తెలుసు. అలా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది. ఆ ఒక్కటి చాలు, తూకం కొత్తదాని వైపు మొగ్గడానికి.

కొత్త బండి కొన్న పిల్లలకు నాదొక విన్నపం. ఇంజిన్‌కు ఇంకా బలం పెంచే రీమ్యాప్‌ల మీద డబ్బు పెట్టకండి. ముందు ఒక పాత బండిలో, పక్కన పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని, పగటిపూట నెమ్మదిగా పచ్చర్ల దారిలో పోయి రండి. ఆ డబ్బుతో వానాకాలానికి ముందే మంచి టైర్లు వేయించుకోండి.