నాలుగడుగుల గోదావరి వంతెన

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతమంతా రాతి నేల. ఇళ్లు లేచినా, రోడ్లు పడినా, పగలగొట్టగా మిగిలిన గుండ్లు చాలా పెరళ్లలో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఒక గుండుకీ ఇంకో గుండుకీ మధ్య మూడు నాలుగడుగుల పల్లం ఉంటుంది. తోటలో బొమ్మ రైలు వేసుకోవాలనే ముచ్చట ఉన్నవాళ్లకు ఆ పల్లమే వరం, ఎందుకంటే అక్కడ వంతెన కట్టి తీరాలి. ఇనుముతో చేయిస్తే బోలెడు ఖర్చు, మోయలేని బరువు, రెండు వానాకాలాలకే తుప్పు. అదే వంతెనను బోర్డులు రాసే దుకాణంలో దొరికే సన్‌బోర్డుతో, ఎలక్ట్రికల్ షాపులో దొరికే పీవీసీ పట్టీలతో, పైపులతో కట్టుకోవచ్చు. ఎలా కట్టాలో నేర్పగలిగినవాళ్లు కూడా దగ్గర్లోనే, సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు.

చవక వస్తువుతో గొప్ప కట్టడాన్ని నమ్మించడం తెలుగు సినిమాకు పాత విద్య. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కోసం కళాదర్శకులు గోఖలే, కళాధర్ మద్రాసు వాహినీ స్టూడియోలో ద్వారకా నగరాన్ని కట్టారు. 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో దాదాపు 300 చిన్న ఇళ్లు పేర్చి, వాటిలో దీపాలు వెలిగించారు. మార్కస్ బార్‌ట్లీ కెమెరా ఆ ఇళ్లను మహానగరంగా చూపించింది. తర్వాత పరిశ్రమ హైదరాబాద్‌కు తరలింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు, ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వెలిసింది. 2003లో ‘ఒక్కడు’ కోసం కళాదర్శకుడు అశోక్ వేసిన చార్మినార్ సెట్ జనం నోళ్లలో నానింది. ఆ పనితనంలో మూడు సూత్రాలున్నాయి: కొలత తప్పకూడదు, అతుకులు అసలు కట్టడంలో ఉన్నచోటే కనపడాలి, వయసు కనపడాలి. ఈ మూడూ సరిపడితే ప్లాస్టిక్ అని కంటికి తట్టదు.

తోట వంతెనకు మాత్రం సెట్ పనితనం ఒక్కటే చాలదు. సెట్‌ను కెమెరా వైపు నుంచే చూస్తారు, షూటింగ్ అయ్యాక విప్పేస్తారు. తోటలోని వంతెనను నాలుగు వైపుల నుంచీ చూస్తారు. అది రైలును మోయాలి, మే నెల ఎండకూ ఆగస్టు వానకూ నిలవాలి. కాబట్టి పైరూపానికి సెట్ మేస్త్రీనీ, లోపలి బలానికి రైల్వే ఇంజినీరునూ గురువులుగా పెట్టుకోవాలి. ఆ రెండో గురువును వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్దాం.

కొలత

రాజమండ్రి దగ్గర గోదావరి మీద మూడు తరాల రైలు వంతెనలున్నాయి. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెనకు 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), ఒక్కోటి 150 అడుగులు. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. 1974లో పైన రోడ్డు, కింద రైలుతో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది. 1997లో కాంక్రీటు విల్లులతో ఆర్చి వంతెన నిర్మాణం పూర్తయింది. దానికి 28 ఖానాలు, ఒక్కోటి 97.55 మీటర్లు.

తోట రైళ్లకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే పట్టాల మధ్య వెడల్పు 45 మిల్లీమీటర్లు. జర్మనీ బ్రాండు ఎల్‌జీబీ 1968 నుంచి దాన్ని జనంలోకి తెచ్చింది. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దాన్ని 45తో భాగిస్తే సుమారు 37 వస్తుంది. అంటే అసలు వంతెనలో ప్రతి కొలతనూ 37తో భాగించాలి. ఆ లెక్కన హేవ్‌లాక్ ఖానా ఒకటి సుమారు 123 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల పైచిలుకు. రెండు గుండ్ల మధ్య పల్లానికి సరిగ్గా సరిపోతుంది. ఆర్చి వంతెన ఖానా మాత్రం రెండున్నర మీటర్లు దాటుతుంది కాబట్టి దానికి పెద్ద తోటే కావాలి.

ముక్కలు, అతుకులు

ఉక్కు వంతెనకు ప్రాణం త్రిభుజం. నాలుగు పుల్లలు కలిపి చతురస్రం చేసి పక్కకు నెడితే ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం ఎటు నెట్టినా కదలదు. అందుకే ఇంజినీర్లు గర్డరు (వంతెన దూలం) పొడవునా ఏటవాలు కడ్డీలు వేస్తారు. వాటిలో కొన్ని లాగుడును, కొన్ని నొక్కుడును భరిస్తాయి. మనమూ ఆ కడ్డీలను అందం కోసమని అంటించకూడదు, బరువు మోసేలా అతకాలి.

వైర్లు దాచడానికి గోడల మీద కొట్టే పీవీసీ కేసింగ్ పట్టీని మూత తీసి, నిలబెట్టి చూడండి. మూడు వైపులు మూసి, ఒక వైపు తెరిచి, అచ్చం ఉక్కు చానల్‌లా ఉంటుంది. గర్డరు పై కమ్మీ, కింది కమ్మీ దానితోనే చేయవచ్చు. ఏటవాలు కడ్డీలను 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు నుంచి స్టీలు స్కేలు పెట్టి కోయాలి. ఒక్క గాటులో తెగాలని కటర్‌ను అదమకుండా, నాలుగైదు తేలిక గాట్లతో కోస్తే అంచు నిటారుగా వస్తుంది. కడ్డీలు కలిసే ప్రతి చోటా రెండు వైపులా పలచని ప్లాస్టిక్ పలక అంటించాలి. అసలు వంతెనలో అక్కడ ఉండేవి గసెట్ ప్లేట్లు. ఆ పలకను అంటించే ముందు వెనక నుంచి కంపాస్ ముల్లుతో వరసగా నొక్కితే ముందువైపు బొడిపెలు లేస్తాయి. అవే రివెట్లు. వరస తప్పితే చూసే కన్ను వెంటనే పట్టేస్తుంది కాబట్టి ముందే పెన్సిల్ గీత గీసుకోవాలి.

పీవీసీని పీవీసీకి అంటించడానికి ప్లంబర్లు వాడే సొల్యూషనే మంచిది. అది రెండు ముఖాలనూ కరిగించి ఒకటి చేస్తుంది. థర్మాకోల్‌కు మాత్రం దాన్ని తగలనివ్వకూడదు, తినేస్తుంది. ఆర్చి కావాలంటే కరెంటు పైపులో ఇసుక కూరి, రెండు కొసలూ మూసి, హీట్ గన్‌తో మెల్లగా వేడిచేసి వంచాలి. ఇసుక ఉంటే పైపు నొక్కుకుపోదు. ఈ పని గాలి ఆడేచోట చేయాలి. పీవీసీ మాడితే విషపు పొగ వస్తుంది.

స్తంభాలకు లావు పైపు తీసుకుని, లోపల ఇసుక, సిమెంటు కలిపి పోసి, పైన సన్‌బోర్డు చుట్టాలి. ఆ బోర్డు మీద సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీస్తే రాతి కట్టుబడి సందులు తేలతాయి. పై వరస అతుకులు కింది వరస అతుకుల మీద పడకుండా చూసుకుంటే చాలు, రాతి స్తంభమే అనిపిస్తుంది.

ఎండ, వాన, వయసు

తోట వంతెనకు అసలు పరీక్ష పెట్టేది ఎండ. వేడి 30 డిగ్రీలు పెరిగితే హేవ్‌లాక్ లాంటి ఉక్కు ఖానా సుమారు ఒకటిన్నర సెంటీమీటరు సాగుతుంది. అందుకే ఉక్కు గర్డరుకు ఒక కొసను బిగించి, రెండో కొసను జరిగేలా బేరింగు మీద ఉంచుతారు. పీవీసీ ఉక్కుకన్నా దాదాపు అయిదు రెట్లు ఎక్కువ సాగుతుంది. నాలుగడుగుల ఖానాకు రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. రెండు కొసలూ బిగిస్తే మధ్యాహ్నానికల్లా వంతెన విల్లులా వంగి పట్టాలు పైకి లేస్తాయి. ఒక కొసను వదిలేస్తే ఏ గొడవా ఉండదు. నల్ల రంగు ఎండను పీల్చుకుని ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది కాబట్టి బూడిద రంగో లేత ఎరుపో మేలు. బరువైన ఇంజను నడపాలంటే పట్టాల కింద కనపడకుండా అల్యూమినియం చానల్ ఒకటి దూర్చడం మంచిది. నీళ్లు నిలిచే ప్రతి మూలకూ చిన్న చిల్లు పెట్టాలి.

రంగు దగ్గర మళ్లీ సెట్ మేస్త్రీ మాటే వినాలి. ముందు ఎమరీ కాగితంతో ప్లాస్టిక్ మెరుపు పోగొట్టి ప్రైమరు వేయాలి. రంగు పొర ఎండ కాటు నుంచి కూడా కాపాడుతుంది. తర్వాత తుప్పు. అది ఎక్కడపడితే అక్కడ పుట్టదు. నీళ్లు ఆగే గసెట్ల కింద, రివెట్ల చుట్టూ మొదలై, వాన జారిన దారిలో కిందికి సాగుతుంది. దాదాపు ఎండిన కుంచెతో ఆ దారిలోనే పైనుంచి కిందికి దువ్వాలి. రాతి స్తంభానికి కింద నీటి మట్టం దాకా పాచి రంగు, పైన దుమ్ము రంగు వేయాలి.

ఎందుకింత శ్రమ

ద్వారకను కట్టిన విద్యలో చాలా భాగం ఇప్పుడు కంప్యూటర్ తెరల మీదికి వెళ్లింది. ఆ తెరల మీద పనిచేసేవాళ్ల ప్రతిభ గొప్పదే. కానీ బరువు ఎటు పోతుందో, అతుకు ఎక్కడ ఊడుతుందో చేతికి తెలియాలంటే వస్తువును ముట్టుకోవాలి. వంతెన కట్టిన పిల్లవాడికి త్రిభుజం బలం పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది, ఇటుక పెట్టి చూస్తే తేలిపోతుంది. వేడికి వస్తువు సాగుతుందన్న సంగతి పట్టా లేచినప్పుడు వాడికి కళ్లెదుట కనిపిస్తుంది.

షూటింగులు, ప్రచారం ముగిశాక సన్‌బోర్డులు చెత్తలోకి పోవడం ఈ ప్రాంతంలో మామూలే. వాటిని దగ్గరి బడులకు ఇచ్చి, నెలకో పూట ఒక సెట్ మేస్త్రీని మాస్టారుగా పిలిచి, పిల్లల చేత ఒక్కో ఖానా కట్టించవచ్చు. మేస్త్రీలకు గౌరవం, బడికి దాదాపు ఖర్చులేని ప్రయోగశాల దక్కుతాయి. స్టూడియోల పక్కనే బడులున్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల కంటే ఈ పని మొదలుపెట్టడానికి తగిన చోటు తెలుగు నేల మీద మరొకటి లేదు.