మాట కాగితమెక్కేటప్పుడు: ఇంటర్వ్యూల లిఖితీకరణపై ఒక విమర్శ

గుణాత్మక సామాజిక పరిశోధనలో ఇంటర్వ్యూను విని కాగితం మీద పెట్టడాన్ని చాలామంది గుమాస్తా పనిగా ఎంచుతారు. ఈ అభిప్రాయం సరికాదు. ఏ మాట రాయాలి, ఏ మౌనాన్ని విడిచిపెట్టాలి, యాసను ఉంచాలా దిద్దాలా అని నిర్ణయించుకున్నప్పుడే వ్యాఖ్యానం మొదలవుతుంది. లిఖితీకరణలోనే సిద్ధాంతం ఇమిడి ఉంటుందని ఎలినార్ ఓక్స్ 1979లో వాదించారు.

అమెరికాలోని మాజీ బానిసల కథనాలు ఇందుకు నిదర్శనం. ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు 1936–38 మధ్య 2,300కు పైగా కథనాలను సేకరించింది. వాటిలో అత్యధికం యంత్రంలో రికార్డయినవి కావు, విన్నవారి నోట్సు నుండి తయారైనవి. విన్నవారిలో ఎక్కువమంది శ్వేతజాతీయులు. ఉచ్చారణను అనుకరించడం కన్నా నుడికారాన్ని నిలపడం ముఖ్యమని ఆ ప్రాజెక్టు సంపాదకులలో ఒకరైన నల్లజాతి కవి స్టెర్లింగ్ బ్రౌన్ సూచించవలసివచ్చింది.

1937లో చార్లెస్టన్ నగరంలో సూజన్ హామ్లిన్ అనే వృద్ధురాలిని ఇద్దరు వేరువేరుగా కలిశారు. శ్వేతజాతి స్త్రీ రాసిన ప్రతిలో యజమాని దయగలవాడు. నల్లజాతీయుడు రాసిన ప్రతిలో కొరడా దెబ్బలున్నాయి, అమ్మకాలతో చెదిరిపోయిన కుటుంబాలున్నాయి. అడిగినవారెవరో, ఏమని అడిగారో తెలియకుండా ఈ రెంటిలో ఏ ఒక్కదానినీ సరిగా చదవలేము.

మన వేదాంత విద్యార్థులకు ఇందులో హెచ్చరిక ఉంది. కాపరి అడిగితే విశ్వాసురాలు చెప్పే జవాబు, పొరుగింటామెతో చెప్పుకొనే మాట ఒకటి కాకపోవచ్చు. "తాగొచ్చి కొడ్తడు, పిల్లల్ని ఇడిచి యాడికి పోను?" అని ఒక స్త్రీ అన్నదనుకుందాం. దానిని "కుటుంబములో శ్రమలను ఓర్చుకొనుచున్నాను" అని సంఘ భాషలోకి దిద్దితే కొట్టినవాడు మాయమవుతాడు, ఆమె వేసిన ప్రశ్న మాయమవుతుంది, ఓర్పు మాత్రం సద్గుణమై మిగులుతుంది. ఆ మీదట మనం కట్టే వేదాంతమంతా ఆమె చెప్పని మాట మీద కట్టినదే.

అలాగని ప్రతి దగ్గునూ నమోదు చేయమనడం లేదు. గెయిల్ జెఫర్సన్ రూపొందించిన సూక్ష్మ సంకేతాలు సంభాషణ విశ్లేషణకు తగినవి. అనుభవ కథనాల అధ్యయనానికి అన్నీ అక్కరలేదు. అయితే కొన్ని విషయాలలో రాజీ కుదరదు. జవాబుతోపాటు ప్రశ్న కూడా ఉండాలి. చెప్పినవారి పలుకుబడి నిలవాలి. తీసివేసిన చోటును, అనువదించిన చోటును గుర్తించి చూపాలి. వీలైతే ప్రతిని వారికి చదివి వినిపించాలి. గ్రామంలో ఒక వ్యక్తిని గుర్తుపట్టడానికి యాసే చాలు గనుక, పేరు మార్చినంతలో గోప్యత కాపాడినట్లు కాదు. ప్రాణభయమున్న చోట ఆ భాగాన్ని అచ్చు వేయకుండా విడిచిపెట్టడమే న్యాయం.

మూలభాషలో ఒక్క పదం మారితే అర్థం మారునని తరగతిలో బోధించే మనం, బ్రతికియున్న మనుష్యుల మాటకు అంతకంటె తక్కువ శ్రద్ధ చూపకూడదు.