నీళ్లు ఎటు పోతున్నాయి?

బోరు వేస్తే మన ఊళ్లలో అడిగేవి రెండే: ఎన్ని అడుగులకు పడింది, ఎన్ని ఇంచుల నీళ్లు? ఆ నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయి, ఎంత వేగంగా పోతున్నాయి అని అడిగేవాళ్లు అరుదు. నా వృత్తి అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే.

దిశ తెలియాలంటే ఒకే వరసలో లేని మూడు బోర్లు కావాలి. చుట్టుపక్కల మోటార్లు ఆపించి, మట్టం కుదురుకున్నాక టేపు దించుతాం. కొస నీళ్లను తాకగానే బీప్ మంటుంది. కేసింగ్ అంచు దగ్గర టేపును బొటనవేలితో నొక్కిపట్టి అంకె చదువుతాం. లోతు ఒక్కటే చూస్తే మోసపోతాం. బోరు నోరు సముద్రమట్టానికి 520 మీటర్ల ఎత్తున ఉండి, నీళ్లు 14 మీటర్ల కింద ఉంటే మట్టం 506. దిగువన 512 మీటర్ల ఎత్తులో ఉన్న బోరులో నీళ్లు 8 మీటర్లకే అందితే మట్టం 504. లోతు ఎక్కువున్న చోటే మట్టమూ ఎక్కువ! నీళ్లు పోయేది ఎక్కువ మట్టం నుంచి తక్కువ మట్టానికి కాబట్టి, బోరు నోళ్ల ఎత్తులు తేల్చే లెవలింగ్ చేయకుండా దిశ చెప్పకూడదు.

వేగానికి ఉప్పు సాయం తీసుకుంటాం. బోరులో ఉప్పునీళ్లు సమంగా కలిపి, విద్యుత్ వాహకత మీటరు దించి చూస్తాం. ఉప్పదనం ఎంత త్వరగా తగ్గితే బోరు గుండా నీళ్లు అంత చురుగ్గా పారుతున్నట్టు. మన గ్రానైటు నేలల్లో చిక్కంతా ఇక్కడే. కేసింగ్ మొరం దాటేవరకే ఉంటుంది. కింద రాతిలో ఒట్టి రంధ్రమే. పై పగులులోని నీళ్లు బోరులోనే జారి కింది పగులులో దూరుతుంటాయి. ఉప్పు అలా కిందికి పోయినా పక్కకు పోయినట్టే లెక్క తేలుతుంది. అందుకే ముందుగా హీట్ పల్స్ ఫ్లోమీటరు దించాలి. కొద్ది నీటిని వేడిచేస్తే, ఆ వెచ్చదనం పైకి పోతోందో కిందికి పోతోందో, ఎన్ని సెకన్లలో పోతోందో అది చెబుతుంది. ఈ పరీక్ష లేని వేగపు అంకెను నేను నమ్మను.

1856లో ఫ్రాన్సు ఇంజినీరు హెన్రీ డార్సీ ప్రకటించిన సూత్రంతోనూ వేగం లెక్క కట్టొచ్చు. నీటిమట్టం వాలు నూటికి ఒకటి, నీటిని పోనిచ్చే గుణం రోజుకు మీటరు అనుకుందాం. ఖాళీలు 20 శాతం ఉన్న ఇసుకలో నీళ్లు రోజుకు 5 సెంటీమీటర్లు కదులుతాయి. ఖాళీలు 2 శాతమే ఉన్న పగుళ్ల రాతిలో 50! రాయి కదా, మురికి పాకదులే అనే ధీమా ప్రమాదకరం.

మట్టం కొలవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో భూగర్భజలాల ప్రాజెక్టు కింద రైతులే పరిశీలన బోర్లలో మట్టాలు కొలిచి, పంటలు నిర్ణయించుకున్నారు. మీ ఊళ్లో తాగునీటి బోరుకు గానీ సెప్టిక్ గుంటకు గానీ చోటు చూసేముందు, చుట్టూ మూడు బోర్లు కొలిపించండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి. పక్క చేలో మోటార్లు పెరిగితే దిశే మారిపోవచ్చు.